ఫోన్ ఇంటర్వ్యూలో ‘నేను చేసిన’ అనొచ్చా?

దేవరకొండ నుంచి ప్రశ్న:

అన్నా, హైదరాబాద్‌లో కస్టమర్ కేర్ ఉద్యోగానికి ఎల్లుండి నాకు ఫోన్ ఇంటర్వ్యూ ఉంది. తెలుగు ప్రాసెస్, అంటే తెలుగు కస్టమర్లతో మాట్లాడే పని కాబట్టి తెలుగులోనే మాట్లాడుతరట. ‘నేను డిగ్రీ చేసిన, మిర్యాలగూడలో పని చేసిన’ అని ప్రాక్టీస్ చేస్తుంటే మా దోస్తు ఆపిండు. ‘చేసిన’ తప్పు, ‘చేశాను’ అనాలంటున్నడు. నిజంగ తప్పా? టెన్షన్ అయితున్నది.

జవాబు:

తప్పు కాదు తమ్ముడూ. ‘చేసినాను’ నుంచే రెండూ వచ్చాయి. కోస్తాలో అది ‘చేశాను’ అయింది. మన నల్లగొండ, పాలమూరు వైపు చివరి ‘ను’ జారిపోయి, దీర్ఘం తగ్గి ‘చేసిన’గా నిలిచింది. చేసిన, చేసినం, చేసినవ్, చేసిండు, చేసింది, చేసిన్రు అని వరుసగా పలికి చూడు, ఎంత పద్ధతిగా ఉందో తెలుస్తుంది. సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. మిగిలిన రోజుల్లో మన పిల్లల మాటనే తప్పంటే నాకు చాలా బాధేస్తుంది.

అయితే మీ దోస్తు భయంలో పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. కోస్తా వాళ్లకు ‘చేసిన’ అంటే వెనకాల ఇంకో మాట రావాలి: చేసిన పని, చేసిన కోర్సు. ‘నేను మిర్యాలగూడలో పని చేసిన’ అని నువ్వు ఆపితే, అవతలివాళ్లు తరువాతి మాట కోసం చూస్తారు. మనకూ ‘చేసిన పని’ ఉంది కానీ, గొంతు దిగిన తీరును బట్టి వాక్యం అయిపోయిందని మనకు తెలిసిపోతుంది. ఎదురెదురుగా కూర్చుంటే ముఖం చూసి వాళ్లూ పోల్చుకుంటారు. ఫోన్‌లో ముఖం కనపడదు, పైగా సిగ్నల్ వల్ల మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఇద్దరూ ఆగిపోతారు, లేదంటే ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. ‘చేసిండు’, ‘చేసినం’ దగ్గర ఈ చిక్కు రాదు, ‘నేను’ దగ్గరే వస్తుంది. ఇంటర్వ్యూలో నువ్వు చెప్పేవన్నీ ‘నేను’ వాక్యాలే కదా!

అందుకని ‘చేసినాను’ అను. రాయలసీమలో ఇప్పటికీ వినిపించే రూపమే అది. ఎవరికైనా అర్థమవుతుంది, అరువు తెచ్చుకున్నట్టూ ఉండదు. ‘చేశాను’ నోటికి సులువుగా వస్తే అదే అను, అందులో చిన్నతనమేం లేదు. ఏదీ అలవాటు కాకపోతే ‘డిగ్రీ చేసిన సార్’, ‘చేసిన మేడం’ అని ముగించు. ఆ ‘సార్’తో వాక్యం అయిపోయిందని తెలుస్తుంది.

జవాబులు మొత్తం కాగితం మీద రాసుకుని చదవొద్దు. చదివే గొంతు ఇట్టే దొరికిపోతుంది. చదువు, పాసైన సంవత్సరాలు, పని చేసిన చోట్లు, అడగాలనుకున్న ఒకటి రెండు ప్రశ్నలు మాత్రం రాసి ముందు పెట్టుకో. ఫోన్‌లోనే నీ గొంతు రికార్డ్ చేసుకుని, వాక్యాల చివర్లు మింగుతున్నావేమో విను. మనలో చాలామందికి ఆ అలవాటుంది.

జడ్చర్ల నుంచి:

మాట సరిగ్గ రాకపోతే ‘వినపడ్తలేదు’ అనొచ్చా సార్? లేక ‘వినబడటం లేదు’ అనాలా?

జవాబు:

‘వినపడ్తలేదు సార్, మళ్లొకసారి చెప్తారా’ అనండి, ఎవరికైనా అర్థమవుతుంది. వినపడకపోయినా ఊహించి జవాబు చెప్పడమే ప్రమాదం. ఇంకోటి, వాళ్లు వివరంగా ఏదైనా చెబుతున్నప్పుడు మనం తల ఊపితే వాళ్లకు కనపడదు. మధ్యమధ్యలో ‘ఆఁ సార్’, ‘అర్థమైంది సార్’ అంటూ ఉండండి. లేకపోతే లైన్ కట్ అయిందనుకుని ‘హలో, హలో’ అంటారు.