అప్‌డేట్: ఎండోథెలిన్-1 దొరికింది

బొడ్డుతాడు సిర ఎండోథీలియల్ కణాలు (రక్తనాళం లోపలి పొర కణాలు) పెరిగే మీడియంను మాస్ స్పెక్ట్రోమెట్రీలో (ద్రవ్యరాశిని బట్టి అణువుల్ని గుర్తించే పద్ధతి) చూస్తే సీరం ప్రోటీన్ అయిన ఆల్బుమిన్ ముక్కలే వస్తున్నాయి, ఎండోథెలిన్-1 (ఆ కణాలు వదిలే, రక్తనాళాలను కుదించే పెప్టైడ్, అంటే చిన్న అమైనో ఆమ్లాల గొలుసు) కనబడటం లేదని ఇంతకుముందు అడిగాను. సీరం లేని మీడియంతో 3 సార్లు కడిగి, అందులోనే 16 గంటలు ఉంచితే ఆల్బుమిన్ బాగా తగ్గింది. మీడియం తీయగానే ఐస్‌లో పెట్టి ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లను ఆపే మందు) వేయాలి. 20% ఎసిటోనైట్రైల్ (ఒక ద్రావణి) కలిపాకే 10 కిలోడాల్టన్ ఫిల్టర్‌లో తిప్పండి, లేకపోతే పెప్టైడ్లు ఆల్బుమిన్‌కు అంటుకుని పైనే ఉండిపోతాయి. సి18కి (పెప్టైడ్లను పట్టుకుని శుద్ధి చేసే కాలమ్) ముందు ఆ ఎసిటోనైట్రైల్‌ను ఎగరగొట్టాలి, మరిచిపోతే పెప్టైడ్లు నిలవకుండా జారిపోతాయి.

అసలు చిక్కు వేరే. ఈ 21 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌లో రెండు డైసల్ఫైడ్ బంధాలున్నాయి (గంధకం-గంధకం బంధాలు), అవి ఉండగా ఎంఎస్/ఎంఎస్‌లో (పెప్టైడ్‌ను విరిచి ముక్కల ద్రవ్యరాశి కొలిచే దశ) సరిగా విరగదు. ఆ బంధాలను తెంచే డీటీటీ, తర్వాత అవి మళ్లీ కలవకుండా చేసే అయోడోఅసిటమైడ్ వాడితే ద్రవ్యరాశి 232 డాల్టన్లు పెరుగుతుంది, ఆ విలువ దగ్గరే వెతకండి. ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ వద్దు; డేటాబేస్ సెర్చ్‌లోనూ ఎంజైమ్ పెట్టకండి. థైమోసిన్ బీటా-4 (కణాల లోపల ఉండే పెప్టైడ్) ఎక్కువగా వస్తే కణాలు చచ్చి లోపలిది కారుతోందేమో, మీడియంలో ఎల్‌డీహెచ్ (కణం దెబ్బతింటే బయటికి కారే ఎంజైమ్) చూసుకోండి.