యూరప్‌లో అందరూ తాగుతారా? కొత్తగా వచ్చిన తమ్ముడికి జవాబులు

ప్రశ్న: హనుమకొండ నుంచి జర్మనీకి వచ్చిన విద్యార్థి

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఎమ్మెస్ చదవడానికి వచ్చాను. శుక్రవారం సాయంత్రం ల్యాబ్‌లో వాళ్లంతా బీరు తాగడానికి వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. ప్రొఫెసర్ కూడా వాళ్లతోనే కూర్చుంటారు. మా నాన్నకు మందు మాట ఎత్తితేనే గిట్టదు. వెళ్లకపోతే నలుగురిలో కలవనట్టు ఉంటుంది, వెళ్తే అలవాటవుతుందేమోనని భయం. మన దగ్గరకన్నా ఇక్కడ తాగడం అంత ఎక్కువా?

జవాబు: సొంతూరు కాజీపేట, ఉండేది మ్యూనిక్

తమ్ముడూ, నిశ్చింతగా వెళ్లు. నీ గ్లాసులో ఏముందని ఎవరూ ఆరా తీయరు. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె అడుగు, ఆల్కహాల్ లేని బీరైనా అడుగు. రెండూ దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. గ్లాసులు తాకించేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, అది ఇక్కడి మర్యాద. మన దావత్‌లలో లాగా ‘నా మీద ఒట్టు, ఒక్క పెగ్గే’ అని పట్టుబట్టినవాళ్లు ఇన్నేళ్లలో నాకు ఇక్కడ తారసపడలేదు.

ఇక లెక్కల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సంవత్సరానికి ఇచ్చిన అంకెల ప్రకారం, 15 ఏళ్లు దాటిన మనిషి ఏడాదికి సగటున తాగే స్వచ్ఛమైన ఆల్కహాల్ ప్రపంచమంతటా కలిపి చూస్తే 5.5 లీటర్లు. యూరప్ ప్రాంతంలో 9.2. భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో 3.8. తూర్పు మధ్యధరా ప్రాంతంలో, అంటే గల్ఫ్ దేశాలున్న చోట, 0.3. కాబట్టి యూరప్‌లో ఎక్కువే. కానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం తెలియదు.

అర లీటరు బీరులో, అది 5 శాతం బీరైతే, 25 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన దగ్గర పోసే 60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు 42.8 శాతం, అంటే దాదాపు 26. రెండూ సమానమే. 9.2 లీటర్లను 365 రోజులకు పంచి చూడు, రోజుకు అర లీటరు బీరు వస్తుంది. ఇప్పుడు మన ఊళ్లో వైన్ షాపు పక్కన పర్మిట్ రూమును గుర్తు తెచ్చుకో. ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, చిటికెడు పల్లీలు. నిలబడినచోటే ఒక క్వార్టర్ (180 మిల్లీలీటర్లు) ముగించి బండెక్కుతారు. అది మూడు అర లీటర్ల బీర్లకు సమానం. ఇక్కడ అదే మూడు బీర్లను భోజనంతో, కబుర్లతో, రాత్రంతా తాగుతారు. మోతాదు ఒక్కటే అయినా, ఖాళీ కడుపున పావుగంటలో దిగినప్పుడు రక్తంలో ఎంత పెరుగుతుందన్నది వేరు.

సగటు ఇంకొక విషయాన్ని కూడా దాచేస్తుంది. ప్రపంచంలో పెద్దవాళ్లలో సగానికి పైగా మద్యం ముట్టరు. మన దేశంలోనూ ఎక్కువమంది ముట్టరు, అందుకే తాగేవాళ్లు ఒక్కొక్కరు ఎంత తాగుతున్నారో సగటులో కనబడదు. అయితే మన తెలంగాణను అందులో కలిపి చూసుకోకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాగే మగవాళ్లు దేశంలో 18.8 శాతమైతే, మన రాష్ట్రంలో 43.3 శాతం. ఆడవాళ్లలో దేశంలో 1.3, మన దగ్గర 6.7. మనకు కల్లు పండుగలో భాగం, బోనాల్లో సాక పోస్తాం, మేడారంలో మొక్కు తీరితే మందు కూడా ఉంటుంది. దాన్ని నేను తప్పు పట్టను. గౌడన్న పొద్దున దించిన ఈత కల్లు వేరు, బెల్టు షాపులో రోజూ క్వార్టర్ వేరు. ఇళ్లను ముంచుతున్నది రెండోది.

యూరప్ పద్ధతి మంచిదని నేను అనడం లేదు. ఏ కొంచెమూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. నాన్న మాట నిలబెట్టుకో. తాగినా, తాగకపోయినా ఒకటి తెలుసుకో: ఇక్కడ లైసెన్స్ వచ్చి రెండేళ్లు కానివాళ్లు, అలాగే 21 ఏళ్లు నిండనివాళ్లు, ఒక్క చుక్క తాగినా బండి నడపకూడదు. సైకిల్ మీద కూడా రక్తంలో ఆల్కహాల్ 1.6 పర్ మిల్ (వెయ్యింటికి 1.6 వంతులు) దాటితే క్రిమినల్ కేసే.

జవాబు: కరీంనగర్, ఇప్పుడు స్వీడన్

యూరప్ అంతా ఒకటి కాదు తమ్ముడూ. జర్మనీలో 16 ఏళ్లకే బీరు అమ్ముతారు. ఇక్కడ 3.5 శాతం దాటినది ఇంటికి కొనుక్కోవాలంటే దాదాపు అంతా ప్రభుత్వ దుకాణం సిస్టెంబొలాగెట్‌లోనే, అదీ 20 ఏళ్లు నిండితేనే. ఆదివారం మూసేస్తారు.

జవాబు: జగిత్యాల, ఇప్పుడు కువైట్

ప్రశ్న జర్మనీదే అయినా, గల్ఫ్‌కు కొత్తగా వచ్చే మనవాళ్లు కూడా ఇవి చదువుతారని రాస్తున్నాను. 0.3 అంటే ఇక్కడ దొరకదని అనుకోకండి. కువైట్‌లో, సౌదీలో మనలాంటివాళ్లకు నిషేధం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపించేస్తారు. అయినా ఒంటరితనం భరించలేక దొంగచాటుగా కాచిన సరుకు కొనేవాళ్లున్నారు. 2025 ఆగస్టులో ఇక్కడే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన మందు తాగి కొందరు చనిపోయారు, కొందరికి చూపు పోయింది. బాధితుల్లో మన దేశం వాళ్లూ ఉన్నారు. వాసన చూసి, రుచి చూసి మిథనాల్‌ను పట్టుకోలేం. గదిలో ఎవరైనా తాగి, కొన్ని గంటలకు చూపు మసకబారిందన్నా, వాంతులు ఆగకపోయినా, కేసుకు భయపడి దుప్పటి కప్పి పడుకోబెట్టకండి. వెంటనే ఫోను చేసి (కువైట్‌లో అయితే 112కు), ఏం తాగాడో ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు చెప్పండి.