ట్రాన్స్‌పోర్టర్‌లో అవతల దిగేది ఆ మనిషేనా?

నాగావళి_గట్టు: ఏటి గురూ, స్టార్ ట్రెక్ టీవీ సీరియల్‌లో ట్రాన్స్‌పోర్టర్ అనే మెషిన్‌తో మనిషిని అణువణువూ విడదీసి బీమ్‌లా పంపి అవతల మళ్లీ కలిపేస్తారు కదా, మరి దిగినోడు మొదటోడేనా, అచ్చం అలాంటి ఇంకొకడా?

కోట_జంక్షన్: అదే మనిషి. ఆమదాలవలసలో రైలెక్కి వైజాగ్‌లో దిగినట్టే, పదార్థమే వెళ్తాదని కథలో చెప్తారు. అసలు 1966లో వారం వారం అంతరిక్ష ఓడని గ్రహం మీద దింపి చూపిస్తే ఖర్చు తడిసి మోపెడవుద్దని ఈ మెషిన్ పెట్టారు.

నాగావళి_గట్టు: మరి అందులో ఆఫీసర్ రైకర్ ఇద్దరెలా అయ్యాడు? 1993 ఎపిసోడ్‌లో బీమ్ రెండైపోయి ఒకడు ఓడెక్కి ప్రమోషన్లు కొట్టాడు, రెండోవాడు ఎనిమిదేళ్లు ఆ గ్రహం మీదే ఒంటరిగా, తన ప్రేయసి ట్రాయ్ మీద అదే ప్రేమతో ఉండిపోయాడు. నాకు వాడంటేనే జాలి, వాడిని కాపీ అంటే ఒప్పుకోను.

ఫిజిక్స్_పిచ్చి: నిజం క్వాంటమ్ టెలిపోర్టేషన్‌లో ఆ గొడవే రాదండి. వెళ్లేది వస్తువు కాదు, దాని స్థితి, అంటే ఆ కణం ఎలా ఉందన్న వివరం, అది అవతల చేరాలంటే ఇక్కడిది చెరిగిపోవాల్సిందే, 1997లో ఫోటాన్లతో, అంటే కాంతి కణాలతో, చేసి చూపించారు. తెలియని క్వాంటమ్ స్థితికి అచ్చు కాపీ తియ్యడం కుదరదని 1982లోనే తేల్చేశారు. కణం స్థానం, వేగం రెండూ ఒకేసారి కచ్చితంగా తెలియవన్న అడ్డంకిని కథలో హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్ అని ఒక ఊహా పరికరం పెట్టి దాటేశారు గానీ, ఇద్దరు రైకర్లకీ మన ఫిజిక్స్‌లో చోటు లేదు.