తమ్ముడు అబద్ధం చెబుతున్నాడేమో, ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడు నెలలుగా "జీతం ఇంకా పడలేదక్కా" అంటూ నా దగ్గర డబ్బులు తీసుకుంటున్నాడు. మొన్న ఆదివారం ఇంటికొస్తే అన్నం వడ్డిస్తూ అడిగాను. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నావు?" అన్నాడు. నేను ఇంకో మాట అనకముందే "అమ్మ మీద ఒట్టు" అనేశాడు. తింటున్నంతసేపూ ఫోన్ బోర్లా పెట్టే ఉంచాడు.

కళ్లలోకి చూడకపోతే అబద్ధమేనని మా ఇంట్లో అంటారు. వాడు సూటిగానే చూశాడు! 2006లో బాండ్, డెపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నో పరిశోధనలు కలిపి చూస్తే, ఎదుటివాళ్లు చెప్పేది నిజమో అబద్ధమో మనం సరిగ్గా పట్టేది నూటికి 54 సార్లేనట. బొమ్మా బొరుసా వేసినట్టే కదా. మరి నేను దేన్ని నమ్మాలి?

ఆన్‌లైన్ బెట్టింగ్‌లో ఇరుక్కున్నాడేమోనని టెన్షన్. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నిలదీస్తే మొండికేస్తాడు, చిన్నప్పటి నుంచీ అంతే. పే స్లిప్ చూపించమంటే అక్కకి నా మీద నమ్మకం లేదనుకుంటాడు.

ఇలాంటిది మీ ఇంట్లో జరిగి ఉంటే, నిజం ఎలా చెప్పించారో రాయండి. ముఖ్యంగా మొదటి మాట ఎలా ఎత్తారో చెప్పండి ప్లీజ్. వచ్చే శనివారం వాడు మళ్లీ వస్తున్నాడు.