ఊలు దుప్పటి అల్లి ఇవ్వాలా, కొని ఇవ్వాలా?

ఊలుబంతి: లంబసింగి వైపు పిల్లల కోసం మా అపార్ట్‌మెంటులో పన్నెండు మందిమి ఒక దుప్పటి అల్లుతున్నాం. ఆరంగుళాల చదరాలు 48. వరసకు ఆరు చొప్పున ఎనిమిది వరసలు కలిపితే మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. ఇప్పటికి 29 వచ్చాయి. మిగిలినవి ఎవరైనా అల్లి ఇస్తారా? సీతమ్మధార చుట్టుపక్కలైతే నేనే వచ్చి తీసుకుంటాను.

పెందుర్తి మాస్టారు: మంచి పనే, కాదనను. కానీ ఆ ఊలు డబ్బుతో పూర్ణా మార్కెట్‌లో మూడు దుప్పట్లు వస్తాయి. చలి డిసెంబరులో వస్తుంది, మీ దుప్పటి సంక్రాంతి దాటాక వస్తుంది.

ఊలుబంతి: టీవీ ముందు పోయే సాయంత్రాలకు కూడా కూలి లెక్క కడతారా మాస్టారూ?

చింతపల్లి: లంబసింగి మా మండలమే, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. చలికాలం తెల్లవారుజామున అందరం నెగడు చుట్టూ కూర్చుంటాం. మీది ఏ ఊలు? యాక్రిలిక్ అనే కృత్రిమ ఊలు అయితే నిప్పు తగిలినప్పుడు కరిగి ఒంటికి అంటుకుంటుంది. గొర్రె ఊలు మాడుతుంది, కరగదు.

ఊలుబంతి: యాక్రిలిక్కే. గొర్రె ఊలు వేడినీళ్లలో పడితే కుంచించుకుపోతుంది, అక్కడ ఎవరు జాగ్రత్తగా ఉతుకుతారు?

పెందుర్తి మాస్టారు: ఖర్చుకు తోడు ముప్పు కూడానా! కొనండి అన్నాను.

క్రోషే పిన్ని: 2016 జనవరిలో చెన్నైలో ఆడవాళ్లు ఒకే కొక్కెం సూదితో అల్లే క్రోషేతో 11,148 చదరపు మీటర్ల దుప్పటి చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. వాళ్లనెవరూ మార్కెట్ ధర అడగలేదు.

పెందుర్తి మాస్టారు: అది రికార్డు కోసమమ్మా. ఇది చలి కోసం.

మద్దిలపాలెం: ఇవన్నీ తర్వాత. ఊలుబంతి గారూ, నేనిచ్చిన నాలుగు పసుపు చదరాలు ఏమయ్యాయి? మొన్న ఫొటోలో కనబడలేదు.

ఊలుబంతి: కొలత కుదరలేదండీ. విప్పి మళ్లీ అల్లుదామని పక్కన పెట్టాను.

మద్దిలపాలెం: మీరు చెప్పిన 34 కుట్లే వేశాను.

ఊలుబంతి: కుట్లు సరే, మీ చేయి వదులు. ఏడంగుళాలు వచ్చింది. ఆరంగుళాల దాని పక్కన కుడితే బుట్టలా ఉబ్బుతుంది.

మద్దిలపాలెం: ఎనిమిదో నంబరు సూదులు వదిలి పదో నంబరు సన్న సూదులు తీసుకోమని ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. అందులో ఒకటి మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని అల్లినది. మూల దగ్గర కుట్టు జారింది, తెలిసే వదిలేశాను.

ఊలుబంతి: చెబితే నొచ్చుకుంటారనుకున్నాను.

మద్దిలపాలెం: చెప్పకుండా విప్పితే నొచ్చుకోననుకున్నారా? ఇది అందరం కలిసి అల్లే దుప్పటా, మీ దుప్పటికి మేము ఊలు కొనిపెడుతున్నామా?

క్రోషే పిన్ని: నా చదరాలు కూడా తిరిగి వచ్చాయి. క్రోషేవి కలవవన్నారు. పైకి చెప్పలేదంతే.

పెందుర్తి మాస్టారు: అందుకే కొనమన్నది.

ఊలుబంతి: మాస్టారూ, మీరు కాసేపు ఊరుకోండి. మద్దిలపాలెం గారూ, రెండు విప్పేశాను. మిగతా రెండూ అలాగే ఉన్నాయి, ఏది ఆసుపత్రిలో అల్లిందో నాకు తెలియదు. ఆదివారం తెస్తాను, మీరే చూసుకోండి.

చింతపల్లి: నెగడు సంగతికి ఇంకా జవాబు రాలేదు. ఇంకొకటి, మూడడుగుల వెడల్పు చాలని ఎవరు చెప్పారు? మా ఇంట్లో ముగ్గురం ఒకే దుప్పటి కింద పడుకుని పెరిగాం.