అప్‌డేట్: నాక్సోస్ వెళ్లొచ్చాం, అమ్మానాన్నలతో

శాకాహారులైన పెద్దవాళ్లతో గ్రీస్ వెళ్తే సాంటోరిని మంచిదా, నాక్సోస్ మంచిదా అని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పినట్టు నాక్సోస్‌కే వెళ్లాం. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

తిండి గురించే నా టెన్షన్ అంతా. తీరా చూస్తే ఈ దీవి బంగాళదుంపలకి, గ్రావియేరా అనే చీజ్‌కి పేరున్న చోటు. పసుపు పప్పుతో చేసే ఫావా మీద ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసిస్తారు. అచ్చం మన ముద్దపప్పే అని అమ్మ తేల్చేసింది. టమాటాల్లో బియ్యం కూరి వండే గెమిస్తా కూడా బాగుంది, కానీ కొన్నిచోట్ల అందులో కీమా కలుపుతారు, అడిగి తీసుకోండి.

రేవు పక్కనే ఉన్న పోర్తారాకి సాయంత్రం వెళ్లండి. క్రీ.పూ. 6వ శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తిచేయని గుడికి మిగిలిన పాలరాతి ద్వారం అది. నాన్నకి మాత్రం అపోలోనాస్ ఊరి దగ్గరి కూరోస్ నచ్చింది: పాత క్వారీలో సగం చెక్కి వదిలేసిన, 10 మీటర్లకు పైనున్న విగ్రహం, ఇంకా వెల్లకిలా పడుకునే ఉంది. దారి అంతా మలుపులే, వాంతులయ్యేవాళ్లు మాత్ర వేసుకోండి.

దీవిలోనే హల్కీ అనే ఊళ్లో 1896 నాటి వల్లిండ్రాస్ డిస్టిలరీ ఉంది. దబ్బ జాతి చెట్టు ఆకులతో కిత్రోన్ అనే లిక్కర్ చేస్తారు. ఆకుపచ్చది బాగా తీపి, పసుపుది ఘాటు.

బీచ్‌లకైతే ఆగియోస్ ప్రోకోపియోస్ చాలు. జులై, ఆగస్టుల్లో మెల్తెమి గాలి గట్టిగా వీస్తుంది, ఫెర్రీలు ఆగిపోవచ్చు. ఏథెన్స్ నుంచి ఎక్కాల్సిన విమానానికి ఒక రోజు ముందే దీవి దాటేయండి.