‘బాంధవుల్ గప్పినవేళ’: దుప్పటి కప్పడమా, చుట్టూ మూగడమా?

నల్లకుంట అనువాదకురాలు: పాలియేటివ్ సేవలను, అంటే తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే సేవలను, ప్రభుత్వాలు ఎలా అంచనా వేసి, ఎవరి దగ్గర కొనాలో చెప్పే పత్రం తెలుగు చేస్తున్నాను. ‘ఉపశమన సేవల కొనుగోలు’ అని రాస్తే బియ్యం కొన్నట్టుంది. మంచి మాట చెప్పండి. ఈలోగా భక్త రామదాసు, అదే కంచర్ల గోపన్న, దాశరథీ శతకంలో రాసిన ‘ముప్పున గాలకింకరులు ముంగిట వచ్చినవేళ’ పద్యంలోని ‘కఫము కుత్తుక నిండినవేళ’ రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ఆ వెంటనే వచ్చే ‘గప్పినవేళ’కు అర్థం ఏమిటి?

మల్కాజిగిరి మాస్టారు: మూగడమే. మబ్బు కప్పిందంటే దుప్పటి కప్పిందనా? బాంధవులు కర్తలు, గకారం గసడదవాదేశం, అంటే సంధిలో ‘కప్పిన’ ‘గప్పిన’ అయింది. ఇందులో తకరారు లేదు.

తార్నాక పాఠకుడు: ఉంది మాస్టారూ. పాలియేటివ్‌కు మూలమైన లాటిన్ ‘పల్లియం’ అంటే పైవస్త్రమే. గోపన్న సరిగ్గా ఆ భావమే పట్టాడు!

మల్కాజిగిరి మాస్టారు: గోల్కొండ ఖైదులో ఆయనకు దుప్పటే దొరికిందో లేదో, లాటిన్ ఎక్కడ దొరుకుతుంది నాయనా?

తార్నాక పాఠకుడు: పోనీ. కొనుగోలుకు బదులు ‘నియోగం’ అనండి.

మల్కాజిగిరి మాస్టారు: భారతం చదివినవాళ్లు నవ్వుతారు. అక్కడ నియోగమంటే సంతానం కోసం పరపురుషుణ్ని ఏర్పాటు చేయడం.

తార్నాక పాఠకుడు: ‘గుత్త’?

మౌలాలి నర్సు: వద్దండీ. గుత్తలో మిగిలినది గుత్తదారుదే. సందర్శన ఒకటి ఎగ్గొడితే అదీ మిగులే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్, చివరి రోజుల సేవ చేసే హాస్పిస్‌కు రోజుకు ఇంత అని చెల్లిస్తుంది, కానీ జబ్బు తన దారిన సాగితే ఆరు నెలలే అని వైద్యులు రాసివ్వాలి. కాలకింకరులు ముంగిటికి వచ్చారని ధ్రువపత్రం అన్నమాట. మీరంతా ‘గప్పిన’ దగ్గరే ఆగారు, నాకు దాని తర్వాతి ‘నాటి కిప్పుడే’, అంటే ఆ రోజు కోసం ఇప్పుడే అన్నది, ముఖ్యం. మొన్న రాత్రి పదకొండింటికి ఒకావిడ ఫోను చేసి, మార్ఫిన్ మాత్ర ఇంకొకటి వేయవచ్చా అని అడిగింది. డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టించి, డాక్టరుగారిని లైనులోకి తెచ్చేసరికి నలభై నిమిషాలు. ఇంటికి వెళ్లినందుకు మా పట్టికలో గడి ఉంది, దీనికి లేదు.

నల్లకుంట అనువాదకురాలు: ఇంగ్లండు 2022 చట్టం ఈ సేవలను స్థానిక ఆరోగ్య బోర్డుల బాధ్యతగా రాసింది. అక్కడ ‘సమకూర్చడం’ అన్నాను. డబ్బు మాట ఎగిరిపోయింది.

తార్నాక పాఠకుడు: మన రాష్ట్రంలో ఇళ్లకు వెళ్లే వాహనాల పేరు ‘ఆలన’ కదా. అది ‘ఆలించు’ నుంచే వచ్చిందని నా నమ్మకం. అంటే వినడం. నర్సుగారి నలభై నిమిషాలూ అదే.

మల్కాజిగిరి మాస్టారు: ఆలనాపాలనా జంట. విడదీస్తే రెండోది అలుగుతుంది. ఇక డబ్బు సంగతంటారా, పాల్వంచ తహసీల్దారుగా శిస్తు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి ఖైదుకు వెళ్లినవాడు గోపన్న. సర్కారు సొమ్ము పద్దు మారితే ఏమవుతుందో ఆయనకు తెలిసినంత మనకు తెలియదు.

నల్లకుంట అనువాదకురాలు: మాస్టారూ, పత్రం శుక్రవారం ఇవ్వాలి. కొనుగోలు అనే ఉంచనా?

మల్కాజిగిరి మాస్టారు: ఉండమ్మా. ‘రోగముల్ గొప్పరమైనచో’ అన్నచోట మూలం కకారమా, గకారమా? యతి తేల్చదు, ‘కుత్తుక’లోని ‘కు’ రెండింటికీ చెల్లుతుంది.